వెలుఁగు తెచ్చిన వార్త

మొన్నటి కార్తికమున రాజమహేంద్రవరమున గోదావరీస్నానమునకుఁ బోయియుంటిమి. మా చిన్నది దోసిట నీరు పట్టి, "అమ్మా! నది నీలముగా నున్నదే, దోసిటిలో నా నీలమేది? ఆ రంగు నీటిదా, ఆకాశముదా?" యని యడిగినది. మాకుఁ దెలియదు. తెలియదనుటకు మనసొప్పక, "ఆడుపిల్ల కీ శంక లేల? గట్టెక్కుము" అని కసరితిమి. పిల్ల మఱి మాటాడలేదు.

ఆ రాత్రి మావారు చెప్పినది విని సిగ్గుపడితిమి. 1921లో చంద్రశేఖర వేంకట రామన్ గారు మధ్యధరా సముద్రముపై నోడలోఁ బోవుచు నిట్టి ప్రశ్ననే వేసికొనిరి. సముద్రపు నీలము ఆకాశపు నీడయే యని పెద్దలు చెప్పియుండిరి. వారు స్ఫటికఖండముతో ఆ నీడను తొలఁగించి చూడఁగా, నీలము పోలేదు! నీటి యణువులును వెలుఁగును చెదరఁగొట్టునని వారు చాటిరి. ఆ కృషియే 1928 ఫిబ్రవరి 28వ తేదీన ఫలించినది. ఒకే రంగుగల వెలుఁగు పదార్థమును దాఁకి చెదరునపుడు, అందొక స్వల్పభాగము రంగు మార్చుకొని వచ్చును. ఆ మార్పు అణువుల కదలికను దెలుపు వార్త. దానినిబట్టి పదార్థమేదో చెప్పవచ్చును. ఇదియే రామన్ ఫలితము.

ఈ విద్యను దెలుఁగునాట నెలకొల్పినవారిలో సూరి భగవంతముగారు ముఖ్యులు. వారు 1909లో కృష్ణామండలమందలి ఆగిరిపల్లిలో జన్మించి, హైదరాబాదు నిజాం కళాశాలలోఁ జదివి, 1928లో కలకత్తాలో రామన్ గారి శిష్యులైరి. 1932లో వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునఁ జేరిరి. 1940లో వెలుఁగు చెదరుటనుగూర్చి గ్రంథము వెలువరించిరి. పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వైస్‌చాన్సలరుగను, బెంగుళూరి విజ్ఞానసంస్థకు డైరెక్టరుగను, రక్షణమంత్రికి విజ్ఞానసలహాదారుగను బనిచేసి 1989లో గతించిరి.

ఆ రంగు మాఱిన వెలుఁగు కోట్లపాళ్లలో నొక పాలు మాత్రమే, పట్టుట కష్టము. 1974లో ఇంగ్లండున ఫ్లైష్‌మన్ మొదలగువారు, గరుకుచేసిన వెండిపై నిలిచిన పదార్థమునుండి అది బలముగా వచ్చుటఁ జూచిరి. వెండియందలి ఎలక్ట్రానులు వెలుఁగుతోఁ గూడి యూఁగి, దానిని నానోమీటర్ల చోటునఁ గూడఁబెట్టునని తరువాతఁ దెలిసినది. మీటరును నూఱుకోట్ల పాళ్లు చేసిన నొక పాలు నానోమీటరు. అంతటి చిన్నచోట వెలుఁగును నడపు శాస్త్రమే నేఁటి నానోఫోటానిక్సు. ఈ యుపాయముతోఁ బండ్లపైఁ గూరలపై మిగిలిన పురుగుమందు జాడనుగూడఁ బరిశోధకులు పట్టుచున్నారు. ఇది మన వంటయింటి మేలు కాదా?

సోదరీమణులారా! మనకుఁ దెలియని ప్రశ్న తప్పుప్రశ్న కాదు. మఱునాఁడు పిల్లను జేరఁబిలిచి, "నిన్న మాకుఁ దెలియకయే కసరితిమి" అని యొప్పుకొని, ఇదంతయుఁ జెప్పితిమి. అది కొంతసే పాలోచించి, "మన వెండిగిన్నె యందులకుఁ బనికివచ్చునా?" యని యడిగినది.

"తెలియదు, తెలిసికొందము రమ్ము" అంటిమి.