రామగుండానికి చంద్రుడి మట్టి

రామగుండం ఎన్టీపీసీలో పాత ఏడు యూనిట్లూ కలిపి 2,600 మెగావాట్లు. అవి ఏడాది పొడవునా పూర్తి సామర్థ్యంతో నడవాలంటే సుమారు కోటిన్నర టన్నుల బొగ్గు కావాలి. అదే కరెంటుకు చంద్రుడి మీద దొరికే హీలియం-3 అయితే, వెలువడే శక్తిలో సగం కరెంటుగా మారుతుందని ఉదారంగా అనుకుంటే, 280 కిలోలు చాలు. ఒక్క వ్యానులో పట్టే సరుకు. చంద్రుడి గనుల గురించి రాసేవాళ్లు చాలామంది ఈ అంకె దగ్గరే ఆగిపోతారు. పక్కనే బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో పుట్టినవాడికి మాత్రం తర్వాతి ప్రశ్న తట్టక మానదు: దానికి ఎంత మట్టి తవ్వాలి?

హీలియం-3 సూర్యుడి నుంచి సౌరపవనంతో వస్తుంది. భూమికి అయస్కాంత క్షేత్రం, వాతావరణం అడ్డు. చంద్రుడికి అలాంటి అడ్డేమీ లేకపోవడంతో వందల కోట్ల ఏళ్లుగా పైమట్టిలో ఇంకుతూ వచ్చింది. అక్కడ పది లక్షల టన్నుల దాకా ఉండొచ్చని 1986లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు అపోలో నమూనాలను బట్టి లెక్కగట్టారు. 1972లో చంద్రుడి మీద నడిచిన భూగర్భ శాస్త్రవేత్త హారిసన్ ష్మిట్ తర్వాత ఈ ఆలోచనకు పెద్ద ప్రచారకుడయ్యారు.

నిల్వ పెద్దదే గానీ చంద్రుడంతా పలచగా పరుచుకుని ఉంది. వంద కోట్ల పాళ్ల మట్టిలో పదో ఇరవయ్యో పాళ్లు, అదీ మంచి చోట. పది అనుకుంటే కిలోకు లక్ష టన్నులు. రామగుండానికి 2 కోట్ల 80 లక్షల టన్నులు. బొగ్గుకు దాదాపు రెట్టింపు.

అయితే సింగరేణి బొగ్గు గనుల లెక్క కూడా పూర్తిగా చెప్పాలి. ఓపెన్‌కాస్టులో టన్ను బొగ్గు తీయడానికి దానికి ఎన్నో రెట్ల ఓబీని, అంటే బొగ్గు మీద కప్పి ఉన్న మట్టిని, ఎత్తిపోయాలి. శ్రీరాంపూర్‌లో ఆ గుట్టలు ఎవరూ చూపించకుండానే కనిపిస్తాయి. చంద్రుడి మీద ఓబీ లేదు, తవ్విందంతా సరుకే. కానీ ఆ సరుకును 700 డిగ్రీల దాకా కాచాలి, వచ్చిన వాయువులోంచి మామూలు హీలియంను వేరు చేయాలి. అది వేల రెట్లు ఎక్కువ ఉంటుంది. విస్కాన్సిన్ వాళ్లు కాగితం మీద గీసిన యంత్రం మూడు మీటర్ల లోతున ఏడాదికి చదరపు కిలోమీటరు తవ్వితే 33 కిలోలు వస్తాయి. మనకు అలాంటివి ఎనిమిదో తొమ్మిదో కావాలి. నడిచేది ఎండతో కాబట్టి మూడు షిఫ్టులు కుదరవు. రెండు వారాలు పగలు, ఆపై రెండు వారాల లే-ఆఫ్. యూనియన్లు ఏమంటాయో మరి.

తెచ్చాక మండించాలి, అంటే ఫ్యూజన్: పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి తీయడం. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ ఫ్యూజన్ రియాక్టరులో మన దేశమూ భాగస్వామే. అక్కడ కలిపేది డ్యుటీరియం, ట్రిటియం. 15 కోట్ల డిగ్రీలు కావాలి. అందులో పుట్టే న్యూట్రాన్లు రియాక్టరు గోడలను రేడియోధార్మికం చేస్తాయి. ట్రిటియం బదులు హీలియం-3 వేస్తే ఆ చర్యలో న్యూట్రాన్లు రావు, అందుకే శుభ్రమైన ఇంధనమన్న పేరు. కాకపోతే వేడి ఇంకో నాలుగైదు రెట్లు కావాలి. పైగా పక్కపక్కనున్న డ్యుటీరియంలు వాటిలో అవే కలిసి కొన్ని న్యూట్రాన్లను పుట్టిస్తాయి. ఆ డ్యుటీరియం కోసం చంద్రుడి దాకా పోనక్కర్లేదు, గోదావరి నీళ్లలోనే ఉంది. దిగువన మణుగూరు దగ్గరి భారజల కర్మాగారం చేసే పని దాన్ని వేరు చేయడమే. అందుకు కావలసిన ఆవిరి, కరెంటు బొగ్గుతోనే.

ఇవాళ హీలియం-3కి గిరాకీ ఉన్నది ఫ్యూజన్‌లో కాదు, న్యూట్రాన్ డిటెక్టర్లలో, క్వాంటమ్ కంప్యూటర్లను చల్లబరిచే యంత్రాల్లో. 2025లో అమెరికా ఇంధన శాఖ సియాటెల్‌లోని ఇంటర్‌లూన్ అనే కంపెనీతో ఒప్పందం చేసుకుంది: 2029 ఏప్రిల్‌లోగా చంద్రుడి నుంచి మూడు లీటర్ల హీలియం-3. లీటర్లంటే వాయువు, బరువు గ్రాములో సగం కూడా ఉండదు. పై లెక్క ప్రకారమే రామగుండం దానితో 45 సెకన్లు నడుస్తుంది.