నిదానమే ప్రధానం

‘నిదానం’ అనే మాటకు రెండర్థాలున్నాయి. తొందరపాటు లేకపోవడం లోకవ్యవహారంలోని అర్థం. రోగకారణాన్ని అన్వేషించి నిర్ణయించడం ఆయుర్వేదంలోని అర్థం. ఏళ్ల తరబడి కదలక నిలిచిన పాత కారు ఇంజనును ఇంటి వద్ద పరీక్షించేవారికి ఈ రెండు నిదానాలూ అవసరమే.

అంబాసిడర్ కారును ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాను అనుసరించి హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో దీనిని తయారుచేసింది. 1950ల చివర మొదలైన ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. కాబట్టి మిగిలి ఉన్న ప్రతి ఇంజనూ కాపాడుకోదగినదే. తొందరపడి బలం ప్రయోగిస్తే, బాగుపడవలసిన ఇంజను పాత ఇనుము దుకాణానికి చేరుతుంది.

క్రాంక్‌షాఫ్ట్ తిరగకపోవడాన్నే ఇంజను బిగుసుకుపోవడం అంటారు. మెకానిక్కుల భాషలో అది ‘సీజవడం’. ఇందులో రెండు విధాలున్నాయి. నూనె ఇంకిపోయి గాని, విపరీతంగా వేడెక్కి గాని నడుస్తూనే బిగుసుకోవడం మొదటిది. నిలిచి ఉండగా తుప్పు పట్టి బిగుసుకోవడం రెండవది. ఇంజను ఏ స్థితిలో ఆగినా ఏదో ఒక సిలిండరు వాల్వు తెరుచుకొనే ఉంటుంది. ఆ దారిన చేరిన తేమగాలి వలన పిస్టన్ రింగులు, సిలిండరు గోడ తుప్పుతో అతుక్కుంటాయి. అందువలన కారు ఎప్పుడు, ఎలా ఆగిందని యజమానిని అడగడమే తొలి పరీక్ష.

తరువాత కారును న్యూట్రల్‌లో ఉంచి, చక్రాలకు అడ్డు పెట్టాలి. బ్యాటరీలో శక్తి లేకున్నా ఇంజను కదలదు కాబట్టి దానిని ముందుగా పరీక్షించి, ఆపై తీగ విప్పివేయాలి. ఫ్యాన్ బెల్టు తీసి డైనమో, నీటి పంపు చేతితో తిరుగుతున్నవో లేదో చూడాలి. స్టార్టరు పళ్లు ఫ్లైవీల్ పళ్లలో ఇరుక్కున్నా ఇంజను తిరగదు. స్టార్టరును విప్పి పక్కన పెడితే ఆ సందేహం తీరుతుంది. డిప్‌స్టిక్ మీది నూనె పాలు కలిసిన టీ రంగులో ఉంటే, అందులో నీరు చేరిందని గ్రహించాలి.

ఇప్పుడు నాలుగు స్పార్కు ప్లగ్గులనూ తీయాలి. పిస్టన్ పైన చేరిన నీరు అణగదు కాబట్టి, ఇంజనును అదే అడ్డగించి ఉండవచ్చు. ప్లగ్గులు తీశాక ఇంజను తిరిగితే దోషం నీటిదే. తిప్పేటప్పుడు ఆ నీరు చిమ్ముతుంది కనుక రంధ్రాల మీదికి వంగరాదు. అప్పటికీ కదలకపోతే టార్చిలైటుతో లోపల తుప్పును పరిశీలించాలి.

తుప్పు ఉంటే దానిని వదలగొట్టే పలుచని నూనెను ప్రతి సిలిండరులో రెండు మూడు చెంచాలు పోసి, కొన్నాళ్లు నాననివ్వాలి. ఇంజను పైమూత తీసి వాల్వులు బిగుసుకున్నవేమో కూడా చూడాలి. ఆపై రోజూ ఒకసారి క్రాంక్ పుల్లీ నట్టుకు పెద్ద స్పానరు తగిలించి మెల్లగా కదిలించాలి. అంగుళం కదిలినా శుభసూచకమే. వెంటనే వెనుకకు తిప్పి, మళ్లీ నూనె పోయాలి. స్పానరుకు పొడవైన గొట్టం తొడిగి గుంజడం, గేరులో ఉంచి మరొక బండితో లాగించడం తగవు. అలా చేస్తే రింగులు విరగవచ్చు, కనెక్టింగ్ రాడ్ వంగవచ్చు.

ఇంజను పూర్తిగా తిరిగినా వెంటనే స్టార్టు చేయరాదు. పోసిన నూనె కిందికి దిగి ఉంటుంది కాబట్టి ఇంజను ఆయిలును, ఫిల్టరును మార్చి, ప్రతి సిలిండరు కంప్రెషన్‌ను కొలవాలి. నడుస్తూ బిగుసుకున్న ఇంజనుకు మాత్రం ఈ చికిత్స చాలదు. దాని బేరింగులు, పిస్టన్లు దెబ్బతిని ఉండవచ్చు. దానిని అనుభవజ్ఞుడైన మెకానిక్కు చేత విప్పించవలసిందే. ఇంటి పరీక్షకు ఉన్న హద్దును గుర్తించడం కూడా నిదానంలో భాగమే.