ఐదు షిల్లింగుల కాగితం

ఒకప్పుడు మా మారండహళ్ళిలో సర్కారు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలంటే ఫొటో తీయించుకోవాలి, సర్టిఫికెట్ల నకళ్ల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం చేయించుకోవాలి, పోస్టాఫీసుకెళ్లి పోస్టలార్డరు కొనాలి. ఇప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆఫీసుకు సమాచార హక్కు అర్జీ పంపేవాళ్లు పది రూపాయల రుసుము దానితో కట్టొచ్చు. కమిషన్ ఒక రూపాయి. ఈ కాగితం మొదట 1881 జనవరి 1న బ్రిటన్‌లో అమ్మకానికొచ్చింది. పాత బ్రిటిష్ పోస్టలార్డర్లు పోగుచేసే నాకు దాని పనితనం చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

అంతకుముందు డబ్బు పంపాలంటే మనియార్డరే. సొమ్ము కట్టించుకున్న ఆఫీసు, చెల్లించే ఆఫీసుకు విడిగా ఒక కబురు కాగితం పంపాలి. అక్కడి గుమాస్తా రెండూ సరిపోల్చుకున్నాకే డబ్బిస్తాడు. పంపేది షిల్లింగైనా పది పౌన్లైనా చాకిరీ ఒక్కటే కాబట్టి చిన్న మొత్తాలు తపాలా శాఖకు గిట్టేవి కావు. ఆ శాఖలో లెక్కలు చూసే జార్జ్ చెట్‌విండ్‌కు ఒక ఉపాయం తట్టింది: మొత్తాన్ని ముందే అచ్చువేసేస్తే గుమాస్తా అంకె రాయక్కర్లేదు, ఆ కబురూ అక్కర్లేదు. షిల్లింగు నుంచి ఇరవై షిల్లింగుల దాకా పది రకాలు వేశారు. చిల్లర పెన్నీలకు పైన తపాలా బిళ్లలు అంటించే వీలు తర్వాత కల్పించారు. పథకాన్ని అమల్లో పెట్టిన పోస్ట్‌మాస్టర్ జనరల్ హెన్రీ ఫాసెట్ పాతికేళ్ల వయసులో తుపాకీ ప్రమాదంలో రెండు కళ్లూ పోగొట్టుకున్న మనిషి. పార్లమెంటులో మన దేశపు ఖర్చుల గురించి పదేపదే నిలదీసినందుకు ఆయన్ని ‘ఇండియా సభ్యుడు’ అనేవారు.

నా దగ్గరున్న ఐదో జార్జి కాలపు ఆర్డరు మీద పెద్ద అక్షరాల్లో విలువ, వరస నంబరు, కమిషను అచ్చై ఉన్నాయి. గ్రహీత పేరుకు ఒక గీత, సంతకానికి ఇంకొకటి. అమ్మిన ఆఫీసు ముద్ర ఒకచోట, చెల్లించిన ఆఫీసు ముద్రకు మరోచోట. పక్కనుండే కౌంటర్‌ఫాయిల్‌ను కొన్నవాళ్లు చించి దాచుకునేవారు.

అయితే తీసుకునేవాడు ఎవరో కాగితానికి తెలియదు. 1908 అక్టోబరులో ఆస్‌బోర్న్ నౌకాదళ కళాశాలలో ఒక విద్యార్థి ఐదు షిల్లింగుల ఆర్డరు పోయింది. దొంగసంతకంతో దాన్ని మార్చాడని పదమూడేళ్ల జార్జ్ ఆర్చర్-షీని వెళ్లగొట్టారు. చేతిరాత నిపుణుడి మాట, పోస్టాఫీసు ఉద్యోగిని జ్ఞాపకం, అంతే ఆధారం. ఎడ్వర్డ్ కార్సన్ వాదించాక 1910 జులైలో ప్రభుత్వమే అతడు నిర్దోషి అని ఒప్పుకుంది. ఆ కుర్రాడు 1914లో ఈప్ర్ యుద్ధంలో చనిపోయాడు. టెరెన్స్ రాటిగన్ 1946లో రాసిన ‘ది విన్‌స్లో బాయ్’ నాటకానికి మూలం ఈ కేసే. అన్యాయం జరిగింది ఐదు షిల్లింగుల కోసమని తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

అదే 1914 ఆగస్టులో, యుద్ధం మొదలవగానే, నాణేలకూ నోట్లకూ కటకట వచ్చింది. పోస్టలార్డర్లనే కొంతకాలం చట్టబద్ధమైన డబ్బుగా చెలామణీ చేశారు. అందుకే నోట్లు సేకరించేవాళ్లకూ వీటిమీద అంత ఆశ.

దొరకడం మాత్రం కష్టం. డబ్బు చెల్లించాక ఆర్డర్లను లెక్క చూసి నాశనం చేసేవారు. మిగిలినవి చాలావరకు మార్చుకోకుండా ఏ పుస్తకంలోనో మరిచిపోయినవి. బ్రిటిష్ ఆర్డర్లను మన దేశపు పోస్టాఫీసుల్లోనూ అమ్మేవారు. 1965 అక్టోబరు 2న ధర్మపురి జిల్లా ఏర్పడేదాకా మాది సేలం జిల్లా. సేలం ముద్రపడ్డ ఆర్డరు ఒక్కటైనా దొరక్కపోతుందా అని పాత కాగితాలమ్మే ప్రతి దుకాణంలోనూ అడుగుతూనే ఉన్నాను.