ఉత్తరము విప్పు అధికార మెవరిది?

ఒకరికి వచ్చిన ఉత్తరమును మఱియొకరు విప్పి చదువరాదనునది మన యిండ్లలో పిల్లలకు అక్షరములతోపాటు నేర్పెడి మర్యాద. కార్డు వచ్చినచో దానిని తపాలా బంట్రోతు చదివినను, వాకిట నిలిచిన పొరుగువారు చదివినను మన మంతగా పట్టించుకొనము. కవరు వచ్చినచో పేరుగలవారు వచ్చువఱకు దానిని గూటిలో భద్రముగ నుంచుదుము. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములనుండి కువైటునకును, బెంగుళూరునకును, హైదరాబాదునకును జీవనార్థము పోయిన బిడ్డలు నేడు కవరులు వ్రాయుట అరుదు. జీతపు కాగితము, ఆసుపత్రి నివేదిక, బ్యాంకి లెక్క, పిల్లల పరీక్షాఫలితము, ఇవన్నియు ఈమెయిలుద్వారా వచ్చుచున్నవి. ఇది కార్డు వంటిదా, కవరు వంటిదా? దీనిని విప్పి చూచు అధికారము దొరతనమునకు ఎంతవఱకు కలదు? ఈ ప్రశ్న గృహిణులమైన మనకును సంబంధించినదే యని మేము తలంచుచున్నాము.

మొదట ఈ లేఖ పోవు తీరును తెలిసికొనవలెను. మనము పంపిన ఈమెయిలు మన ఫోనునుండి నేరుగ బిడ్డ చేతికి పోదు. అది మొదట మనకు ఖాతా నిచ్చిన సంస్థవారి యంత్రమునకు పోయి, అచ్చటనుండి బిడ్డకు ఖాతా నిచ్చిన సంస్థవారి యంత్రమును చేరును. దారిలో అది సాధారణముగ గూఢలిపిలో పోవును గనుక నడుమనున్నవారు చదువుట కష్టము. కాని రెండు చివరలనున్న సంస్థలయొద్ద తాళపుచెవి యుండును. తపాలాసంచికి బీగము వేసినను పోస్టుమాస్టరు దానిని తెఱవగలడు గదా, అట్టిదే యిదియును. పైగా కాగితపు ఉత్తరము మన పెట్టెలో నుండును. ఈ లేఖ యేండ్లతరబడి పరులయింట నుండును. దొరతనమువారికి అది కావలసివచ్చినపుడు మన తలుపు తట్టనక్కఱలేదు, ఆ సంస్థను అడిగిన చాలును.

రాజ్యము ప్రజల మాటలకు చెవియొగ్గుట క్రొత్త సంగతి కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున విద్యార్థి, గృహస్థు, వర్తకుడు, తాపసుడు మొదలగు వేషములలో తిరుగు చారులతోపాటు, అంతఃపురములలో చొరవ గల భిక్షుకియు చెప్పబడియున్నది. భవభూతి ఉత్తరరామచరితమున దుర్ముఖుడను చారుడు పౌరుల మాటలను తెచ్చి రాముని చెవిని వేసెను. ఆ మాటల ఫలమును అనుభవించినది నిండుచూలాలైన సీత. ఆమెకు తనపైని అపవాద మేమో చెప్పినవారు లేరు, ఆమె సమాధానము అడిగినవారును లేరు. చాటున విన్న మాటతో తీర్పు జరిగినచో కలుగు కీడు ఇట్టిది.

ఇక నేటి శాసనములను చూతము. ఆంగ్లేయుల కాలమున 1885లో తంతిచట్టమును, 1898లో తపాలాచట్టమును పుట్టినవి. వానిలో తంతిని ఆపుటకును, ఉత్తరమును విప్పుటకును దొరతనమునకు అధికార మీయబడినది. 1986లో ఉత్తరములు విప్పు అధికారమును పెంచుచు పార్లమెంటు ఆమోదించిన బిల్లుకు నాటి రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ సమ్మతిముద్ర వేయలేదు. ఆ రెండు చట్టముల స్థానమున 2023లో క్రొత్తవి వచ్చినవి. వానిలోను ఈ అధికారము నిలిచియే యున్నది.

ఈమెయిలునకు సంబంధించినది 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 69వ సెక్షను. దేశరక్షణ, శాంతిభద్రతలు మొదలగు కారణములతోపాటు ఏ నేరపు దర్యాప్తుకైనను లేఖలను పట్టి చదువవచ్చునని అది చెప్పుచున్నది. గూఢలిపిని విప్పుటకు తోడ్పడనివారికి ఏడేండ్లవఱకు కారాగారశిక్ష పడవచ్చును. 2018 డిసెంబరు 20న కేంద్ర హోంశాఖ పది సంస్థలను పేర్కొని వానికి ఈ పనిని అప్పగించెను.

ఈ అధికారమునకు కళ్లెము లేకపోలేదు. టెలిఫోను మాటలను దొంగచాటుగ వినుటనుగూర్చి పౌరహక్కుల ప్రజాసంఘము తెచ్చిన వ్యాజ్యమున 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు కొన్ని నియమములను విధించెను. వాని ననుసరించియే 2009లో ఈమెయిలు మొదలగువానికిని నియమములు ఏర్పడినవి. కేంద్రమున హోం కార్యదర్శియు, రాష్ట్రమున ఆ శాఖ కార్యదర్శియు వ్రాతమూలకముగ ఉత్తరు వీయవలెను. ఒక్క ఉత్తరువు అఱువది దినములకు మించరాదు. పొడిగించినను మొత్తము నూట యెనుబది దినములు దాటరాదు. ఉన్నతోద్యోగుల సంఘ మొకటి రెండు నెలల కొకసారి ఆ ఉత్తరువులను పరిశీలింపవలెను. అయిననేమి? ఉత్తరు విచ్చువారును ఉద్యోగులే, పరిశీలించువారును ఉద్యోగులే. న్యాయాధిపతి ముందుగ చూచి సమ్మతింపవలెనను నియమము లేదు. ఎవరి లేఖ చదువబడెనో వారికి పిమ్మటనైనను తెలుపవలెనను నియమమును లేదు. తెలియని అన్యాయమునకు మొఱపెట్టుకొనుట యెట్లు?

ఈ విషయమున మన తెలుగుదేశమునుండి పోయిన వ్యాజ్యమొకటి జ్ఞాపకముంచుకొనదగినది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపుచట్టమును సవరించి, కలెక్టరు అనుమతించిన వారెవరైనను బ్యాంకులలో చొచ్చి, ఖాతాదారుల దస్తావేజులను వెదకి తీసికొనుటకు వీలు కల్పించెను. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారునకును కెనరా బ్యాంకికిని నడిచిన వివాదమున 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదని తీర్మానించెను. బ్యాంకికి అప్పగించినంతమాత్రమున ఆ కాగితములపైని గోప్యత నశింపదనియు, గోప్యత మనుష్యునిది గాని స్థలమునది కాదనియు ఆ తీర్పు సారాంశము. పరులయింట నున్న మన ఈమెయిలునకు ఇంతకంటె దగ్గఱి పోలిక వేఱొకటి లేదు. 2017 ఆగస్టు 24న జస్టిస్ పుట్టస్వామి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులును ఏకకంఠముగ గోప్యత ప్రాథమికహక్కని ప్రకటించిరి.

నియమము పుస్తకములో నుండుట వేఱు, ఆచరణలో నుండుట వేఱు. 2024 మార్చిలో తెలంగాణమున పోలీసు నిఘావిభాగపు అధికారియొకడు నిర్బంధింపబడెను. రాజకీయనాయకులు, వర్తకులు, పత్రికలవారు మొదలగువారి ఫోనులు అక్రమముగ వినబడెననియు, సాక్ష్యము దొరకకుండ యంత్రభాగములు ధ్వంసము చేయబడెననియు ఆరోపణ. ఆ యేడే రాష్ట్ర ఉన్నతన్యాయస్థానము తనంతట తానుగ ఈ సంగతిని విచారణకు గైకొన్నది. నేరము రుజువగుట న్యాయస్థానపు పని. కాని అట్టి అనుమానము పుట్టుటయే చాలును, మనుష్యులు నోరు విప్పుటకు జంకుటకు.

“తప్పు చేయనివారికి దాపరికమేల?” అని కొందఱందురు. ఈ ప్రశ్నకు సమాధానము మన జిల్లాలోనే కలదు. ఉదయగిరికి దూరము కాని దూబగుంటలో 1990ల ఆరంభమున అక్షరాస్యతా తరగతులకు పోయిన స్త్రీలు సారాపై తిరుగబడిరి. వర్ధినేని రోశమ్మ మొదలగువారు తమలో తాము మాటలాడుకొని, కట్టుబాటు చేసికొని, సారాదుకాణములను మూయించిరి. సారాపాటలవలన దొరతనమునకే ఆదాయ ముండెడిది. పాటదారులకు పలుకుబడి యుండెడిది. ఆ తల్లులు తప్పు చేసినవారు కారు. అయినను వారి ఆలోచనలు ముందుగ ఎదుటివారి చెవిని పడినచో ఆ యుద్యమము మొలకయందే త్రుంపబడెడిది కాదా? 1993 ఏప్రిలు 15న నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. దాపరికము దొంగలకు మాత్రమే కాదు. బలహీనులకు అది కవచము.

దొంగలను, పసిబిడ్డల నెత్తుకొనిపోవువారిని, బ్యాంకి మోసగాండ్రను పట్టుటకు పోలీసులకు లేఖలు చూచు అవసరము కలుగునని మేము నొప్పుకొందుము. మేము కోరునది ఆ అధికారమును తొలగింపుమని కాదు. దానికి ముందొక న్యాయాధిపతి సమ్మతి యుండవలెను, వెనుక ఆ మనుష్యునకు తెలియజేయుట యుండవలెను.

దొరతనమును ప్రశ్నించు మనము మన యింటినిగూడ చూచుకొనవలెను. రుక్మిణీదేవి తన మనస్సును తండ్రికిగాని, అన్నకుగాని తెలియనీయక అగ్నిద్యోతనునిద్వారా ద్వారకకు పంపెను. ఆ సందేశము రుక్మి చేత చిక్కినచో ఆ కథయే లేదు. భార్య తన తల్లిదండ్రులతోను స్నేహితులతోను టెలిఫోనులో పలికిన మాటలను భర్త రహస్యముగ పట్టియుంచుట ఆమె గోప్యతకు భంగమని, అట్టి సాక్ష్యము చెల్లదని ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానము పూర్వ మొక తీర్పున చెప్పెను. అది 2008 నాటి న్యాయనివేదికల కెక్కినది. కాని 2025 జూలై 14న సుప్రీంకోర్టు వేఱొక వ్యాజ్యమున, దంపతుల వివాదములలో ఒకరి మాటలను మఱియొకరు రహస్యముగ పట్టినను దానిని సాక్ష్యముగ చూడవచ్చునని తీర్మానించెను. కావున సోదరీమణులు ఈ సంగతి నెఱిగి మెలగవలెను.

చేయదగినవి కొన్ని కలవు. కొండపైని ఉదయగిరి దుర్గమును 1514లో గైకొనుటకు కృష్ణదేవరాయలంతటివాడు చిరకాలము ముట్టడి వేయవలసివచ్చెను. నేటి మన కోటకు పాస్‌వర్డే ద్వారము; దానిని నెట్ సెంటరువాని పుస్తకములో వ్రాయించినచో ముట్టడితో పనియే లేదు. ఖాతా తెఱచునపుడు అంగడివాని ఫోను నంబరు గాక మన నంబరే యీయవలెను. పాస్‌వర్డు పెట్టిన పిమ్మట ఫోనునకు వచ్చు సంఖ్యనుగూడ అడుగు రెండంచెల కాపును ఏర్పఱచుకొనవలెను. ఖాతా యెచ్చటెచ్చట తెఱచియున్నదో చూపు పట్టిక దానిలోనే యుండును. నెలకొకసారి చూచి, ఎఱుగని యంత్రములను తొలగింపవలెను. పరులయంత్రమున పని ముగిసినతోడనే ఖాతాను మూయవలెను. ఆధారు ప్రతిని, బ్యాంకి సంఖ్యలను ఈమెయిలులో నిలువయుంచరాదు. ఈ జాగ్రత్తలు దొరతనపు ఉత్తరువును ఆపజాలవు. కాని చాటుగ తొంగిచూచు పరులను చాలవఱకు ఆపగలవు.

ఇంక నొక్కమాట. 2025వ సంవత్సరపు ఆదాయపుపన్ను చట్టము, సోదాల సమయమున ఈమెయిలు ఖాతాలనుగూడ తెఱచు అధికారమును పన్ను అధికారుల కిచ్చినది. 2026 ఏప్రిలు 1 దాని అమలునకు నిర్ణయింపబడిన దినము. ఇట్టి శాసనములు పురుషుల చర్చలకే వదలదగినవి కావు. ఓట్లకై మన వాకిటికి వచ్చు నాయకులను వీథిదీపము, త్రాగునీరు అడిగినట్లే, “మా లేఖ చదువునపుడు న్యాయాధిపతి సమ్మతి నేల కోరరు?” అనియు అడుగుదము.