చెరువు బురదలో ఏముంది?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు చాలా ఊళ్లకు చెరువు ఉంది. ఎండాకాలం చెరువు ఎండితే రైతులు ఒండ్రు మట్టిని పొలాలకు తోలుకుంటారు. ఆ మట్టి వేస్తే చేను బాగా పండుతుంది. ఆ బలం ఎక్కడిది?

ఆకులు, గడ్డి, పేడ చెరువు అడుగున చేరి కుళ్లుతాయి. వాటిని కుళ్లబెట్టేవి బాక్టీరియా అనే సూక్ష్మజీవులు. ఆ బాక్టీరియాను తినేది అమీబా. అది తిని విడిచిన దానిలో నత్రజని ఉంటుంది. దాన్ని మొక్కలు పీల్చుకుంటాయి. మట్టి బలానికి ఇదీ ఒక కారణం.

అమీబాకు ఉండేది ఒకే ఒక కణం. కళ్లు లేవు, నోరు లేదు, కాళ్లు లేవు. చూస్తే గంజి చుక్కలాగా ఉంటుంది. ఒంట్లోంచే వేలులాంటిది చాపి మెల్లగా పాకుతుంది. మేత దొరికితే చుట్టూ కమ్ముకొని మింగుతుంది. మన కంటికి కనపడదు. 1755లో జర్మనీలో రోజెల్ అనే చిత్రకారుడు మైక్రోస్కోపులో చూసి దాని బొమ్మ గీశాడు.

చిటికెడు బురదలో వేలకొద్దీ అమీబాలు ఉంటాయి. అన్నీ ఒక రకం కావు. కొన్ని ఇసుక రేణువులు అతికించుకొని ఒంటిచుట్టూ గుల్ల కట్టుకుంటాయి. పెన్నా నది హిందూపురం దగ్గర పారి, నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. సముద్రతీరం బురదలో ఉప్పునీటికి అలవాటుపడిన అమీబాలు వేరే ఉంటాయి. చెరువు ఎండితే చాలా రకాలు గట్టి పొర కప్పుకొని నిద్రపోతాయి. వాన పడితే మళ్లీ లేస్తాయి.

మరి అమీబా వల్ల జిగట విరేచనాలు వస్తాయంటారే? నిజమే. కానీ ఆ అమీబా వేరు. అది బురదలో పుట్టదు. మనిషి పేగుల్లో ఉంటుంది. గట్టి పొరతో మలంలో బయటికి వస్తుంది. తడిలో చాలా రోజులు చావదు. చెరువు గట్టున దొడ్డికి కూర్చుంటే వాననీళ్లు దాన్ని చెరువులోకి తెస్తాయి. అక్కడినుంచి బిందెలోకి వస్తుంది. చేతుల మీదుగా, ఈగల మీదుగా అన్నంలోకీ వస్తుంది. బ్లీచింగు పొడికి అది సులువుగా చావదు. నీళ్లు బాగా తెర్లితే చస్తుంది.

వెచ్చని నిలవ నీళ్లలో ఉండే అమీబా ఇంకొకటి ఉంది. అది ముక్కులోంచి మెదడుకు పోతుంది. 2024లో కేరళలో కొందరు పిల్లలు ఈ జబ్బుతో చనిపోయారు. ఇది చాలా అరుదు. అయినా ఎండాకాలం అడుగంటిన కుంటల్లో పిల్లల్ని దూకనీయకండి.

మరుగుదొడ్డి వాడండి. తినేముందు, దొడ్డికి పోయి వచ్చాక సబ్బుతో చేతులు కడగండి. తాగే నీళ్లు కాచి చల్లార్చండి. విరేచనంలో నెత్తురు, జిగట కనపడితే నాటుమందులతో రోజులు గడపకండి. నెత్తురు బేదులన్నీ అమీబా వల్లనే రావు. మలం పరీక్షలో కారణం తెలుస్తుంది. దానికి తగిన మందు ఉంది. పిల్లకు ఓఆర్ఎస్ నీళ్లు తాగిస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.