నిర్జన ద్వీపమున నొక సంసారము

రాబిన్‌సన్ క్రూసో కథను మన సోదరీమణులలో ననేకులు బాల్యమున చదివియే యుందురు. డేనియల్ డెఫో 1719లో ప్రకటించిన యా కథ కల్పితము. కాని దానికి పదేండ్లకు ముందే, నిజముగా నొక దీవిలో 4 సంవత్సరముల 4 నెలలు ఏకాకిగా బ్రదికి బయటపడిన మనుష్యుడొకడు గలడు. అతని పేరు అలెగ్జాండర్ సెల్‌కర్క్. అతడు దీవిలో పడిన పాట్లకంటె, ఇల్లు చేరిన పిమ్మట అతని మనస్సు పడిన యవస్థయే మాకు మిక్కిలి ఆలోచింపదగినదిగా తోచినది.

సెల్‌కర్క్ 1676లో స్కాట్లండు దేశమున లోయర్ లార్గో అను సముద్రతీర గ్రామమున జన్మించెను. తండ్రి తోలుపని, చెప్పులపని చేయువాడు. కుమారుడు మొదటినుండియు కోపిష్ఠి. అన్నదమ్ములతో కొట్లాడి ఊరి చర్చిపెద్దల యెదుట నిలువవలసి వచ్చినవాడు. 1703లో అతడు శత్రునౌకలను కొల్లగొట్టు నోడలలో చేరి దక్షిణ అమెరికా వైపు పోయెను. మరుసటి సంవత్సరము అతని యోడ, చిలీ తీరమునకు 400 మైళ్లకు పైగా దూరముననున్న హువాన్ ఫెర్నాండెజ్ దీవులలో నొకదానియొద్ద నాగెను. ఆ దీవిలో అప్పుడు నరమాత్రుడు లేడు.

ఓడ పలకలు పురుగుతిని శిథిలమైయున్నవి. బాగుచేయక బయలుదేరరాదని సెల్‌కర్క్ కెప్టెనుతో వాదించెను. మాటకు మాట పెరిగెను. ఈ యోడ యెక్కుటకంటె ఈ దీవిలో నుండుటయే మేలని అతడు పంతము పట్టెను. కెప్టెను సరేయని అతనిని దింపివేసెను. పడవ తిరిగిపోవు సమయమున సెల్‌కర్క్ పశ్చాత్తాపపడి, తనను మరల తీసికొనిపొమ్మని బ్రతిమాలుకొనెను. కెప్టెను వినలేదు. ఆ యోడ తరువాత నిజముగనే చెడిపోయెను. బ్రదికినవారు స్పెయినువారి చెరలో పడిరి. సెల్‌కర్క్ పలికినది నిజమే యైనను, కోపములో నాడిన మాట ఫలమును అతడొక్కడే అనుభవింపవలసి వచ్చినది.

అతనియొద్ద మిగిలినవి ఒక తుపాకి, కొంత మందుగుండు, గొడ్డలి, కత్తి, వంటపాత్ర, పక్కబట్టలు, బైబిలు, మరికొన్ని చిన్న వస్తువులు మాత్రమే. తొలిదినములలో అతడు సముద్రపు టొడ్డు విడువక, ఏ తెరచాపయైన కనబడునా యని చూచుచు కూర్చుండెడివాడు. ఆకలి పూర్తిగా బాధించినగాని తినడు. కన్నులు మూతపడినగాని నిద్రింపడు. రాత్రులందు సముద్రసింహముల యరపులు విని వణకిపోయెడివాడు. ఈ విచారము 8 నెలలుండెనని అతనిని రక్షించిన కెప్టెను వుడ్స్ రోజర్సు వ్రాసెను. పూర్తిగా సమాధానపడుటకు 18 నెలలు పట్టినదని పత్రికారచయిత రిచర్డు స్టీలు వ్రాసెను.

ఆ దుఃఖము తీరిన విధము గృహిణులమైన మనకు వింతగా నుండదు. అతడు సంసారము పెట్టుకొనెను!

చెట్లకొమ్మలతో రెండు గుడిసెలు కట్టి, పొడుగాటి గడ్డి కప్పి, లోపల మేకతోళ్లు పరచెను. చిన్నదానిలో వంట, పెద్దదానిలో నిద్ర, పఠనము, ప్రార్థన. పిమెంటో కట్టెలు రెండు రాపాడించి నిప్పు పుట్టించెను. ఆ కట్టె వంటకును దీపమునకును పనికివచ్చుటయేగాక మంచి వాసన నిచ్చెడిది. ఉప్పు లేదు, ఉప్పులేని చేపలు అతని కడుపునకు పడలేదు. అందుచేత మేకమాంసము, పెద్దరొయ్యలు, అడవిలో దొరకు కూరలు వండుకొనెడివాడు. బట్టలు చినిగిపోగా మేకుతో బెజ్జములు చేసి, సన్నని తోలుపట్టెలతో మేకతోళ్లు కుట్టుకొనెను. పాతమేజోళ్ల నూలు విప్పి చొక్కాలు కుట్టుకొనెను.

రాత్రివేళ ఎలుకలు అతని పాదములు కొరికెడివి. అతడు పిల్లులకు మాంసము పెట్టి మచ్చిక చేసికొనగా, ఎలుకల బాధ తప్పినది. మేకపిల్లలను పెంచి, వానితోను పిల్లులతోను పాటలు పాడుచు గంతులు వేసెడివాడు. మందుగుండు అయిపోయిన పిమ్మట పరుగెత్తి మేకలను పట్టుట నేర్చుకొనెను. ఆ దీవిలో 500 మేకలను చంపెననియు, మరి అన్నిటినే పట్టి చెవులకు గుర్తుపెట్టి విడిచెననియు రోజర్సు వ్రాసెను. అక్కరకు మించి చంపక విడుచుటలో, ఆ దీవియంతయు తన యిల్లేయను భావము మాకు కనబడుచున్నది.

1709 జనవరి చివర రెండు ఇంగ్లీషు ఓడలు కనబడగా అతడే పెద్దమంట వేసి వారిని పిలిచెను. ఫిబ్రవరి 2వ తేదీన వారు ఒడ్డున దిగిరి. రోగులైన నావికులకు అతడు మేకలను పట్టి తెచ్చి సంతోషముతో ఆతిథ్యమిచ్చెను. తాను మాత్రము వెంటపోవుటయందు ఆతురత చూపలేదని స్టీలు వ్రాసెను. అతని మాట సగము సగముగా పలికెడిది. ఓడలోని భోజనము మొదట రుచింపలేదు. చెప్పులు తొడుగుకొనగా, అలవాటు తప్పిన పాదములు వాచిపోయెను.

పాదములవలెనే మనస్సును వాచెనని మా తలంపు. 1711లో అతడు లండను చేరెను. కొల్లధనములో 800 పౌనులు అతని వంతునకు వచ్చెను. అయినను, చేత కాసు లేని దినములనాటి సుఖము తన కిక లేదని అతడు స్టీలుతో చెప్పుకొనెను. కొన్ని నెలల పిమ్మట వీథిలో అతడే పలుకరించినను స్టీలు గుర్తింపలేకపోయెను. జనసాంగత్యముచేత ముఖములోని యేకాంతపు ఛాయ చెరిగిపోయినదట. స్వగ్రామము చేరిన తరువాతను, ఇంటివెనుక మిట్టపై చిన్న మరుగుచోటు చేసికొని ఒంటరిగా కూర్చుండెడివాడని ఆ యూరివారు చెప్పుకొనిరి. తుదకు మరల సముద్రమే శరణమయ్యెను. 1721 డిసెంబరు 13న పశ్చిమ ఆఫ్రికా తీరమున, ఓడలోనే మరణించెను.

ఇంత ప్రేమతో నింటివారు చేర్చుకొనినను అతనికి శాంతి యేల కలుగలేదు? దీవిలో పొయ్యి వెలిగింపవలసినవాడు అతడే. పిల్లికి ముద్ద పెట్టువాడును అతడే. ఇంటిలో అన్నియు ఇతరులు చేసి పెట్టుచుండగా అతని చేతులకు పని లేకపోయెను.

ఇట్టివారు మన యిండ్లలోను గలరు. భర్త పోయిన పిమ్మట పల్లెలో నొంటరిగా బ్రదికిన తల్లిని కుమారుడు పట్టణమునకు తెచ్చుకొనును. "అమ్మా, ఇక నీవు ఏ పనియు చేయవద్దు, కూర్చుండుము" అని కోడలు ప్రేమతోనే పలుకును. ఆమె కిటికీయొద్ద కూర్చుండి, విడిచివచ్చిన పెరటిలోని తులసికోటను, పాలకుండను తలచుకొనును. ఏండ్ల తరబడి దూరదేశములలో పనిచేసి వచ్చిన భర్తయు ఒక్కొక్కప్పుడు ఇంటిలో అతిథివలె తిరుగును. వారికి మనపై ప్రేమ తగ్గినదని మనము నొచ్చుకొనరాదు. వాచిన పాదములకు చెప్పులు తొందరపడి తొడుగరాదు గదా!

మౌనముగా కూర్చుండుటకు వారికొక మూల నిండు. పోపు పెట్టుటయో, మొక్కలకు నీరు పోయుటయో, మనుమనికి కథ చెప్పుటయో, వారిదేయైన యొక పని వారికి అప్పగింపుడు. పని గలచోటనే మనిషికి ఇల్లు. సెల్‌కర్క్ కోపముతో దిగిన దీవి అట్లే అతని యిల్లయ్యెను. మన యిండ్లకు మరలివచ్చినవారికి, మన యిల్లును అట్లే తమదగును.