ఆదివారం టిఫిన్, శనివారం రుబ్బు

తెలుగువారి ఇళ్లలో ఇడ్లీ, అట్టు రోజువారీ తిండి కావడం మరీ పాత సంగతేమీ కాదు. రెండు మూడు తరాల కిందటి వరకు పల్లెల్లో పిల్లలు పొద్దున్నే చద్దన్నం తిని బడికి పోయేవారు. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని, ఆవకాయ బద్దో ఉల్లిపాయో నంజుకుంటే సరిపోయేది. తెలంగాణ, రాయలసీమల్లో జొన్న, రాగి అంబళ్లు ఆ పని చేసేవి. పిండి రుబ్బి చేసే పలహారం పండగకో, చుట్టాలొచ్చినప్పుడో చూసే భాగ్యం. బళ్లు, కచేరీలు, మిల్లులు పెరిగి ఆదివారం సెలవు ఇళ్లకు అలవాటయ్యాక ఆ భాగ్యానికి వారంలో ఒక రోజు ఖాయమైంది. బొంబాయి మిల్లు కార్మికులకు ఆ సెలవు కార్మిక నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే పోరాటం వల్ల 1890లో దక్కింది. తెలుగు మధ్యతరగతి ఇంట్లో మాత్రం ఆదివారమంటే ముందు గుర్తొచ్చేది టిఫినే.

ఆ టిఫిన్ పని శనివారం మధ్యాహ్నమే మొదలయ్యేది. మినప్పప్పు నానబోసి, సాయంత్రానికి పొట్టు కడిగి, రుబ్బురోలు ముందు కూర్చోవాలి. ఒక చేత్తో పొత్రం తిప్పుతుంటే, పక్కలకు ఎగదన్నిన పిండిని రెండో చెయ్యి గుంటలోకి తోస్తూ ఉండాలి. ఆ రెండు చేతుల లయ తప్పితే వేళ్లు నలుగుతాయి. నీళ్లు ఒక్కసారే పోయకూడదు, చిలకరించాలి. పిండి తెల్లగా నురగ కట్టాక చిటికెడు తీసి గిన్నెలో నీళ్ల మీద వేసేవారు. తేలితే రుబ్బు అయినట్టు, మునిగితే ఇంకాసేపు తిప్పాల్సిందే. కోస్తాలో మినప్పప్పుకు రెండింతలు ఇడ్లీ రవ్వ కడిగి పిండి, అందులో కలిపేవారు. పదిమంది ఉన్న ఇంట్లో ఇదంతా ముగిసేసరికి దీపాల వేళ దాటేది. ఆదివారం టిఫిన్ ముచ్చట్లలో ఇడ్లీ మెత్తదనం గురించి చెప్పుకున్నంతగా ఈ చేతుల నొప్పి గురించి చెప్పుకోరు. చెప్పుకోవాలి. ఆ రుచికి ధర చెల్లించింది అమ్మలు, అమ్మమ్మలు, కొత్తకోడళ్లు.

రాత్రంతా పిండి తన పని తాను చేసుకుంటుంది. మినప్పప్పును అంటిపెట్టుకునే ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడెస్ అనే బాక్టీరియా పిండిలోని చక్కెరలను తింటూ ఆమ్లాన్ని, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. ఆమ్లం వల్ల పులుపు, వాయువు వల్ల పొంగు. మినప్పప్పులో ఉన్న జిగురు, మాంసకృత్తులు కలిసి ఆ వాయువును బుడగలుగా పట్టి ఉంచుతాయి. ఒట్టి బియ్యప్పిండి ఎంత పులిసినా ఇడ్లీలా ఉబ్బకపోవడానికి కారణం ఇదే. వేసవిలో ఎనిమిది గంటలకే పొంగే పిండి చలికాలంలో పన్నెండు గంటలైనా కదలదు. అందుకే పుష్య, మాఘ మాసాల్లో గిన్నెను పొయ్యి పక్కన, వెచ్చని బూడిదకు దగ్గరగా పెట్టేవారు. పొంగి పొర్లకుండా గిన్నెలో సగం ఖాళీ వదిలేవారు.

ఇంత శాస్త్రం తెలియకపోయినా, ఈ విద్య పాతది. పశ్చిమ చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన మానసోల్లాసంలో ‘ఇడ్డరిక’ అనే వంటకం ఉంది. అది ఒట్టి మినప్పిండితో చేసింది, బియ్యం లేదు. మన ఆవిరి కుడుము కూడా అంతే, మినప్పిండి ఒక్కటే. వాసెన కట్టిన గుడ్డ మీద వేసి ఉడికిస్తారు. ఇడ్లీ పాత్రలు రాకముందు సంగతి తెలుసుకోవాలంటే ఆ కుడుమును చూస్తే చాలు. కోనసీమలో పనసాకులను పుల్లలతో బుట్టలుగా కుట్టి ఇడ్లీ పిండినే పోసి పొట్టిక్కలు చేస్తారు. ఉడికేటప్పుడు ఆకు వాసన పిండికి పడుతుంది. గోదావరి జిల్లాల దిబ్బరొట్టెకు అర అంగుళానికి పైనే మందం ఉంటుంది. మూకుడులో సన్నసెగ మీద అడుగు ఎర్రబడేదాకా కాలాలి. ఆ ఎర్రటి అంచు కోసం అన్నదమ్ములు కొట్లాడుకోని ఇల్లు లేదు. చెరకు పానకంతో తింటే దాని రుచే వేరు.

పెసరట్టుకు పులియబెట్టే అవసరం లేదు. రాత్రి నానిన పొట్టు పెసలను పొద్దున్నే అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో రుబ్బి, సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి పెనం మీద రుద్ది, అట్టు పోసేవారు. లోపల ఉప్మా, పక్కన బెల్లం వేసిన అల్లప్పచ్చడి. రాయలసీమలో బొరుగులు తడిపి పిండి ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీ జత చేస్తారు. తొందరగా అయ్యే టిఫిన్ అది. పూరీల రోజైతే బంగాళాదుంప కూర, అది లేని ఇంట్లో శనగపిండితో బొంబాయి చట్నీ.

తెలంగాణ సర్వపిండి ఉగ్గానిలా తొందరగా అయ్యేది కాదు, ఓపిక కావాలి. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, కారం కలిపి ముద్ద చేసి, సర్వ అనే గిన్నె అడుగున, పక్కలకు వేళ్లతో పల్చగా ఒత్తుతారు. మధ్యమధ్య వేలితో బొక్కలు చేసి అందులో నూనె చుక్కలు వేస్తారు. ఒకటి కాలాక సర్వ చల్లారితే గాని రెండోది ఒత్తడానికి చెయ్యి పెట్టలేరు. బయట నీళ్లు పోసి చల్లార్చేవారు. అందాకా పిల్లలు కంచాలు పట్టుకుని వంతు కోసం కూర్చునేవారు. కూర్చున్నంతసేపూ కబుర్లే. ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి మాట్లాడుకునేది వారంలో ఆ కాసేపే.

1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామాయణం ధారావాహిక మొదలయ్యాక ఈ తీరుబడికి గడియారం వచ్చింది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా స్నానాలు, టిఫిన్లు ముగించి టీవీ ఉన్న ఇంటికి చేరాలి. 1988 అక్టోబరు 2న మహాభారతం మొదలైంది. ఆ తరం పిల్లలకు ఇడ్లీ ఆవిరి, ఆ శీర్షిక గీతాలు విడదీయరాని జ్ఞాపకాలు.

అదే కాలంలో వంటింటి పనిముట్లూ మారాయి. కోయంబత్తూరు గ్రైండర్లు వచ్చి రుబ్బురోలును పెరట్లోకి నెట్టాయి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం పేద మహిళల ఇళ్లకు గ్యాస్ పొయ్యి తెచ్చింది. ఇప్పుడు వీధి చివర దుకాణంలో రుబ్బిన పిండే దొరుకుతోంది. రుచి తగ్గిందని బాధపడేవారి మాటలో నిజం లేకపోలేదు. మిక్సీ బ్లేడ్ల వేగానికి పిండి వేడెక్కి, రోటి పిండి అంతగా గాలి పట్టదు. అయినా ఆడవాళ్ల భుజాలకు దొరికిన విశ్రాంతి ముందు అది చిన్న నష్టమే.

ఈ జ్ఞాపకాలు ఇంత గట్టిగా నిలవడానికి వాసనే ముఖ్య కారణం. మిగతా ఇంద్రియాల సమాచారం థాలమస్ గుండా వెళ్లి మెదడు పైపొరకు చేరితే, వాసన ఆ దారి పట్టకుండానే భావోద్వేగాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన భాగాలను తాకుతుంది. 2000లో బ్రిటన్‌లో వయసు మళ్లినవారి మీద జరిగిన ఒక పరిశోధనలో, మాటలు గుర్తుచేసిన సంగతులు ఎక్కువగా పదకొండు నుంచి పాతికేళ్ల వయసువి కాగా, వాసనలు గుర్తుచేసినవి ఆరు నుంచి పదేళ్ల నాటివని తేలింది. పెనం మీద జీలకర్ర వేగిన వాసనకు అరవై ఏళ్ల మనిషి ఒక్కసారిగా వంటింటి గడప మీద కూర్చున్న పిల్లవాడు కావడంలో వింతేమీ లేదు.

ఇడ్లీకి పాళ్లు ఏ వంటల పుస్తకంలోనైనా ఉంటాయి. ఫలానా ఇంటి అల్లప్పచ్చడిలో చింతపండు ఎంత, కందిపొడిలో ఎండుమిర్చి ఎన్ని అన్నది ఆ ఇంటి పెద్దావిడకే తెలుసు. ఆవిడ లెక్క గిద్దెల్లో, సోలల్లో, పిడికెళ్లలో ఉంటుంది. ఇంట్లో అలాంటి పెద్దవారున్నవాళ్లు ఒక శనివారం ఆమె పక్కన కూర్చుని ఆ కొలతలు రాసుకోవాలి. పిండి జారు ఎంత ఉండాలో రాతలో పట్టుకోవడం కష్టం కాబట్టి, దాన్ని ఫోనులో వీడియో తీసుకుంటే మరీ మంచిది.